ఆగ్నేయంలో రౌటర్

ప్రదీప్‌కుమార్‌కి ఫోన్‌లో ఎక్కడైనా ఎర్ర చుక్క కనిపిస్తే దాన్ని నొక్కేదాకా అన్నం సయించదు. శనివారం మధ్యాహ్నం రౌటర్ యాప్‌లో అలాంటి చుక్కే ఒకటి కనబడింది. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది, వేసుకుంటారా అని అడుగుతోంది. డబ్బాని నడిపించే ప్రోగ్రామును కంపెనీవాళ్ళు మార్చి పంపారన్నమాట. వంటింట్లో ఉన్న అతని భార్య వసుధ, "రేపు నా డెమో క్లాసు అయ్యేదాక దాని జోలికి పోకండి" అంది. ఆమె మాట పూర్తయ్యేలోపే ఆయనగారు నొక్కేశాడు. పైగా, "సెక్యూరిటీ అప్‌డేట్ వసూ, ఇసొంటివి ఆపొద్దు" అని పాఠం చెప్పాడు.

ప్రదీప్‌కుమార్ కలకత్తా సాల్ట్‌లేక్‌లో ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. "నేను నెట్‌వర్క్ మనిషిని" అని పెళ్ళిచూపులనాడే చెప్పుకున్నాడు. ఎన్నడూ తీగ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంకొకరు చేసిన పని తన మెయిల్లోంచి పైవాళ్ళకి వెళ్ళేలా చూసుకోవడమే ఆయన పని. అందులో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. ఈ సంగతి వసుధకి పెళ్ళయిన కొత్తల్లోనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు మూసుకుని ఉన్నందుకు అప్పుడప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండేది.

ఆమె హనుమకొండ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసేది. ఈయనకి కలకత్తా బదిలీ అయితే ఉద్యోగం మానుకుని భవానీపూర్ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె చదివిన చదువంతా గీజరు ఎందుకు వేడెక్కడం లేదో ఊహించడానికి తప్ప పనికిరాలేదు. ఇన్నాళ్ళకి హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ బడివాళ్ళు పెట్టిన రాతపరీక్షలో నెగ్గింది. మిగిలింది డెమో ఒక్కటే. ఆదివారం మూడు గంటలకి నిజమైన పిల్లల ముందు పదో తరగతి పాఠం చెప్పి చూపించాలి. మధ్యలో లైను తెగితే అంతే సంగతులు, మళ్ళీ వచ్చే విద్యా సంవత్సరం దాకా పిలవరు. ఇంటి నుంచి చెప్పే ఉద్యోగం కాబట్టి, నెట్ సరిగ్గా లేని టీచరుతో వాళ్ళకేం పని?

నిజం చెప్పాలంటే ఆ ఫర్మ్‌వేర్ పాపం ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు. డబ్బా ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, బుద్ధిగా తన పని తాను చేసుకుంది. వసుధ పడకగదిలో తెల్ల బోర్డును గోడకి ఆనించి, లాప్‌టాప్‌లో నెట్ సరిచూసుకుని, నిమ్మళంగా జదుబాబు బజారుకి వెళ్ళింది. కూరలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి పడకగదిలో నెట్ లేదు. హాల్లో అర మీద రౌటరూ లేదు.

రౌటర్ వంటింట్లో ఉంది. ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య సందులో, నేల మీద కూర్చోబెట్టాడు. వైరును వెంటిలేటర్లోంచి తిప్పి తెచ్చి, దానికి అడ్డంగా ఫ్రిజ్జును తోసేశాడు.

"అక్కడెందుకు పెట్టిన్రు?" అని అడిగింది వసుధ.

"కేబుల్ మేనేజ్‌మెంట్. హాల్ల వైర్లు అసహ్యంగ కనబడుతున్నయి."

"అందుకే నెట్ వస్తలేదు. మళ్ళ హాల్లనే పెట్టండి."

"కొద్దిగ జరిపితే నెట్ పోతదా? ఇది ఫర్మ్‌వేర్ బగ్. నువ్వు ఫిజిక్స్ చెప్పుకో, నెట్‌వర్క్ సంగతి నాకు వదిలెయ్."

ఫిజిక్స్ వేరు, నెట్‌వర్క్ వేరు అనుకునే మనిషితో ఏం వాదిస్తాం? అది పాతకాలపు బెంగాలీ ఇల్లు, గోడలు మూరెడు మందం. ఆ గోడలు చాలవన్నట్టు ఇప్పుడు ఇంత ఇనప రేకు అడ్డం. ఫోన్ సిగ్నలైనా వాడుకుందామంటే అది వీధి వరండా అంచున తప్ప దొరకదు. ఆ వరండా కింద బస్సుల హారన్లు, పక్కనే పాడా క్లబ్బువాళ్ళ, అంటే ఆ పేట కుర్రాళ్ళ, మైకు. వసుధ తానే ఫ్రిజ్జును జరపబోయింది. నిండు ఫ్రిజ్జు, ఒక్కతి వల్ల అంగుళం కూడా కదల్లేదు. మొగుడు సోఫాలో కూర్చుని అదంతా చూసి, "నడుము పట్టేస్తది, వదిలెయ్" అని ఉచిత సలహా ఒకటి పడేశాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన రంగంలోకి దిగాడు. రౌటర్ ఆపి మళ్ళీ వేశాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. ఫ్రిజ్జు పక్కనుంచి చెయ్యి దూర్చి, డబ్బా వెనక ఉండే చిన్న కన్నంలో పిన్ను గుచ్చి మొత్తం రీసెట్ చేశాడు. దాంతో అంతవరకూ వంటింట్లోనైనా వస్తున్న నెట్ కాస్తా అక్కడ కూడా పోయింది. కనెక్షన్ ఇచ్చినప్పుడు కేబుల్ ఆపరేటర్ వేసిన లాగిన్ చెరిగిపోయింది మరి. అప్పట్లో ఆపరేటర్ బాప్పా-దా ఆ వివరాలు చీటీ మీద రాసివ్వబోతే, "నాకివన్నీ తెలుసు" అని ఈయన వెనక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు అదే బాప్పా-దాకి ఫోన్ చేసి బతిమాలాడు.

"దాదా, ఆదివారం మటన్ ముందు కూర్చున్నాను. మీకన్నీ తెలుసన్నారు కదా?" అని బాప్పా-దా హిందీలో సాగదీశాడు. చెయ్యి కడుక్కున్నాక చెప్తానన్నాడు. మటన్ తినడం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో నెట్‌వర్క్ మనిషి ఫోన్ పట్టుకుని వరండాలో పచార్లు చేశాడు. చివరికి లాగిన్ దొరికింది. వంటింట్లో నెట్ మళ్ళీ వచ్చింది. పడకగదిలో మాత్రం పాత కథే.

ఇంతటితో ఆగితే ఆయన మేనేజరు ఎలా అవుతాడు? మళ్ళీ వరండాలోకి వెళ్ళి, ఆదివారం పూట తన కింద పనిచేసే మృత్యుంజయనీ భానునీ కాన్ఫరెన్స్ కాల్లోకి లాగాడు. ఇంట్లో రౌటరు పాడైతే ఆఫీసు మనుషుల్ని పిలవడం ఆయనకి తప్పుగా తోచలేదు. మృత్యుంజయ ప్రతి మాటకీ "కరెక్ట్ సార్" అంటున్నాడు. భాను కలకత్తా దగ్గరే టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి, ఇంట్లో వినే శ్రీకాకుళం తెలుగే ఆమెకి వచ్చిన తెలుగు. ఆ యాస ప్రదీప్‌కుమార్‌కి చిన్నచూపు.

"సార్, అప్‌డేట్ అయినాక రౌటర్ చోటేటైనా మార్చినారా?" అని అడిగింది భాను.

"లేదు," అన్నాడు ప్రదీప్‌కుమార్ రెప్ప వెయ్యకుండా. "ఎక్కడిదక్కడే ఉంది. ఇది ఫర్మ్‌వేరే. పాత వెర్షన్ ఫైలు వెతికి పంపండి, వెనక్కి మారుద్దాం."

గుమ్మం దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డ వసుధ ఆ మాట విన్నది. అబద్ధం ఎందుకు ఆడుతున్నాడో ఆమెకి అంతుపట్టలేదు. కాఫీ ఇవ్వకుండానే వెనక్కి తిరిగింది.

అంతుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. భోజనాలయ్యాక వసుధ అత్తగారు కమలాదేవి ఫోన్ చేసింది. ఇంటి లోపల ఫోన్‌కి నెట్ అందేది అక్కడే కాబట్టి ప్రదీప్‌కుమార్ వంటింట్లోనే నిలబడి మాట్లాడాడు. స్పీకర్ పెడితే తప్ప ఆయనకి వినబడదు.

"డబ్బా జరిపినవా బిడ్డా?"

"నిన్ననే జరిపిన అమ్మా. ఫ్రిజ్ ఎనక పెట్టిన."

"ఫ్రిజ్ ఆగ్నేయంలనే ఉందిగదా, మంచిది. ఈశాన్యంల కరెంటు డబ్బా పెట్టుకుంటె ప్రమోషన్ ఎట్లొస్తది? రేపు కాయితం చేతికొచ్చేదాక దాన్ని కదిలియ్యకు."

"కదిలియ్య."

అంట్లు తోముతున్న వసుధ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి తనకి అర్థం కానిదంతా ఒక్కసారిగా అర్థమైంది. అత్తగారి మీద ఆమెకి కోపం రాలేదు. ఆవిడ నమ్మేది ఆవిడ పైకే చెప్తుంది. ఈయన నమ్ముతాడు, నమ్ముతున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడతాడు, ఆ సిగ్గు కప్పుకోవడానికి ఫర్మ్‌వేర్‌ని అడ్డం పెట్టుకుంటాడు. భార్య ఉద్యోగం పోయినా ఫర్వాలేదుగానీ, తనకి రాబోయే కాగితానికి దిక్కు తప్పకూడదు. ఇలాంటి మనిషి కోసమా హనుమకొండలో రాజీనామా కాగితం మీద సంతకం పెట్టింది! వసుధ గిన్నె కింద పెట్టి చెయ్యి కడుక్కుంది.

"ఫ్రిజ్ జరుపుతరా, జరపరా?" అని అడిగింది.

"రేపటిదాక ఆగరాదు?"

"నా క్లాసు ఈ రోజు."

"అందుకేగదా పొద్దుట్నుంచి కష్టపడుతున్న" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకున్న మొహంతో. ఫోన్ పట్టుకుని మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయాడు.

వసుధ ఇక అడగలేదు. తెల్ల బోర్డు తెచ్చి గ్యాస్ స్టవ్ వెనక గోడకి ఆనించింది. బియ్యం డ్రమ్ము మీద పీట వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, మూడు గంటలకి నిలబడి పాఠం మొదలుపెట్టింది. బడి తరఫున మౌక్తిక అనే ఆవిడ కూర్చుంది, ఆవిడతో పాటు తెర మీద చిన్న చిన్న గళ్ళలో పదో తరగతి పిల్లలు. ఇచ్చిన పాఠం తరంగాల పరావర్తనం, అంటే తరంగం దేనికైనా తగిలి వెనక్కి రావడం. వసుధ పళ్ళెంలో నీళ్ళు పోసి అలలు చూపిద్దామని సిద్ధం చేసుకుంది.

పళ్ళెం ఎత్తబోతుంటే చిన్మయి అనే పిల్ల అడిగేసింది. "మేడం, మీరు వంటింట్లో ఎందుకున్నారు?"

మౌక్తిక ఆ పిల్లని వారించబోయింది. వసుధ పళ్ళెం పక్కన పెట్టింది. తర్వాత లాప్‌టాప్ ఎత్తి కెమెరాని ఫ్రిజ్జు వెనక సందులోకి తిప్పింది.

"మంచి ప్రశ్న. అదిగో, ఆ మూల వెలుగుతోందే, అదే మా రౌటర్. దాన్నుంచి వచ్చే రేడియో తరంగం ఈ ఫ్రిజ్జు రేకుకి తగిలిందనుకోండి. లోహంలో ఎలక్ట్రాన్లు ఉంటాయి కదా, తరంగం తగలగానే అవీ ఊగుతాయి. ఊగి, ఆ తరంగాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపేస్తాయి. అద్దం వెలుగుని పంపినట్టే. అవతల పడకగదిలో నా బోర్డూ కుర్చీ ఎదురుచూస్తున్నాయి, కానీ అక్కడికి చేరేది శూన్యం. అందుకని నేనే తరంగాల దగ్గరికి వచ్చాను."

పిల్లలు నవ్వారు. ఒకడు తన ఫోన్‌ని స్టీలు డబ్బాలో పెట్టి రింగ్ అవుతుందో లేదో చూస్తానన్నాడు. ఇంకొకడు నిజంగానే పరిగెత్తాడు. వసుధ బోర్డు మీద బొమ్మ గీసింది, ప్రశ్నలు వేసింది, తప్పు చెప్పినవాడి చేత మళ్ళీ చెప్పించింది. కాలేజీ వదిలాక ఆమె గొంతు ఇలా పలకడం ఇదే మొదలు. ఆ గొంతు ఇంకా ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యమూ సంతోషమూ వేశాయి.

సరిగ్గా అప్పుడే ప్రదీప్‌కుమార్ వంటింట్లోకి వచ్చాడు. ఒక చేతిలో పిన్ను, ఇంకో చేతిలో ఫోన్, ఫోన్‌లో ఇంకా మృత్యుంజయా భానూ. "ఫైలు దొరికింది, ఒక్క నిమిషం రీస్టార్ట్ చేస్త" అంటూ ఫ్రిజ్జు వైపు నడిచాడు. వసుధ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి చూసి ఆయన బిక్కచచ్చి నిలబడ్డాడు.

చిన్మయి మళ్ళీ అడిగింది. "మేడం, మరి ఆ రౌటర్‌ని అక్కడి నుంచి తీసేస్తే సరిపోతుంది కదా?"

"సరిపోతుందమ్మా," అంది వసుధ మొగుడి మొహంలోకి చూస్తూ. "కానీ అది నిన్ననే అక్కడికొచ్చింది. ఆ మూల ఆగ్నేయం. రౌటర్ ఆగ్నేయంలో ఉంటే ఈ ఇంట్లో ఒకాయనకి రేపు ప్రమోషన్ వస్తుందట. ఆయన నెట్‌వర్క్ మనిషి కూడా."

తెర మీద పిల్లలందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. మౌక్తిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫ్రిజ్జు పక్కన నెట్ నిండుగా ఉంది కదా, వరండాలో గరగరలాడిన కాన్ఫరెన్స్ కాల్ ఇప్పుడు గంట కొట్టినట్టు పలికింది.

"సార్," అంది భాను ఆ ఫోన్‌లోంచి. "అయితే చోటు మార్చినారన్నమాట."

మృత్యుంజయ ఈసారి "కరెక్ట్ సార్" అనలేదు. ప్రదీప్‌కుమార్ ఫోన్ ఆపబోయి, వేలు తడబడి, స్పీకర్ ఆపాడు, మళ్ళీ వేశాడు, చివరికి జేబులో కుక్కుకున్నాడు. వసుధ అటు చూడటం మానేసి పాఠం పూర్తి చేసింది.

చివర్లో మౌక్తిక మాట నాన్చలేదు. పిల్లలు ఈవిడే కావాలంటున్నారని, వచ్చే వారం నుంచి క్లాసులు తీసుకోమని అక్కడికక్కడే చెప్పేసింది. వసుధ కృతజ్ఞతలు చెప్పి లాప్‌టాప్ మూసింది. తర్వాత ఫ్రిజ్జు తలుపు తీసి, నీళ్ళ సీసాలు ఒక్కొక్కటీ బయట పెట్టసాగింది.

"అంతమందిల పరువు తీసినవ్," అన్నాడు ప్రదీప్‌కుమార్. "ఆఫీసుల రేపు మొహమెట్ల చూపియ్యాలె?"

వసుధ ఆఖరి సీసా గచ్చు మీద పెట్టి, ఫ్రిజ్జుకి ఒక పక్క రెండు చేతులూ వేసింది.

"అటు పక్క పట్టుకోండి."

ఆయన గొంతు దిగిపోయింది. "ఒక్క రేపటిదాక ఉంచు వసూ. కాయితం రానియ్యి."

"ఈ ఇంటికి రావాల్సిన ఉద్యోగం ఒకటి వచ్చింది. మీ ఆగ్నేయం ఇచ్చేది ఇచ్చేసింది, ఇంక అక్కడ ఏం మిగల్లేదు" అంది వసుధ. "పట్టుకోండి."

ప్రదీప్‌కుమార్ పిన్ను జేబులో వేసుకుని, వంగి, అటు పక్క పట్టుకున్నాడు.