మగ్గం గుంట మచ్చలు

నూలుకు పట్టిన ఎంత మొండి మరకనైనా వదిలిస్తుందని రావమ్మకు పేరు. ఉయ్యూరు దగ్గరి ఆ నేతపేటలో ఎవరి చీరకు తుప్పుమరక పట్టినా ఆమె అరుగు మీదికే వచ్చేది. అలాంటి మనిషి ఇప్పుడు పెరట్లో కూర్చుని కన్నకూతురి పిక్కల మీది నల్లమచ్చలను కొబ్బరిపీచుతో తోముతోంది.

సుబ్బరత్నం అత్తవారింట గుంటమగ్గం మీద నేసేది. కాలువ ఊట దిగిన ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే దోమలు ముసిరేవి. కుట్టినచోటల్లా గోకింది, గోకినచోటల్లా మచ్చ మిగిలింది. అది పెద్దరోగమే, కుష్ఠే అన్నారు అత్తవారు.

"మచ్చలు పోయాకే పంపండి వదినగారూ. నలుగురూ మసిలే ఇల్లు మాది," అని అత్తగారు చౌడేశ్వరమ్మ కబురంపి, పిల్లను బండెక్కించింది. ఆ గుంట ఎవరిదో మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పాఠకులారా, మనకైనా ఎన్నిసార్లు తట్టింది?

పసుపు, వేపాకు పనిచేయలేదు. వచ్చే నెల అల్లుడు చూడటానికి వస్తున్నాడనగానే రావమ్మకు తనకు తెలిసిన విద్యే గుర్తొచ్చింది. నూలు తెల్లబరిచే పొడిని చిక్కగా కలిపి, గుడ్డ ముంచి, కూతురి కాళ్ళకు చుట్టింది.

"మండుతోందే అమ్మా! తీసెయ్యవే!"

"ఓర్చుకో తల్లీ. మండితేనే మరక వదిలేది."

కాళ్ళు బొబ్బలెక్కి చీము పట్టాయి. రావమ్మ ఏడుస్తూ కూతుర్ని బెజవాడ తీసుకెళ్ళింది. గవర్నరుపేటలో డాక్టరు జ్ఞానప్రసూనాంబ గారు కట్టు విప్పి, జరిగిందంతా విని, తల పట్టుకున్నారు.

"మంటని పిల్ల అరిచిందంటున్నావే, పెద్దరోగపు మచ్చకు మంట తెలుస్తుందటమ్మా? అవి దోమకాటు మచ్చలు. గోకకుండా ఉంటే నెమ్మదిగా వాటంతటవే పోయేవి. ఈ కాలిన మచ్చలు మాత్రం ఇక పోవు."

పెద్దరోగం కాదనడానికి కూతురి అరుపే సాక్ష్యమని, దాన్ని తన చెవులతోనే విన్నానని తెలిశాక రావమ్మ గుండె చెరువయింది.

పుండ్లు మానాక అల్లుడు అంకమ్మరావు వచ్చాడు. నల్లమచ్చల చోట తెల్లమచ్చలు చూశాడు. డాక్టరమ్మ మాట చెబుతున్నా వినిపించుకోకుండా, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు. మాఘంలో అతనికి రెండో పెళ్ళి చేశారు. కొత్తకోడలు అదే గుంటలో కాళ్ళు పెట్టి నేతకు కూర్చుందని పేటలో చెప్పుకున్నారు.

ఆ మాట విని సుబ్బరత్నం కాళ్ళ మీదికి చీర లాక్కుంది. రావమ్మ అరుగు మీద కూలబడి, వచ్చేపోయేవాళ్ళందరినీ బతిమాలింది.

"ఆ పిల్లనైనా బతకనివ్వండమ్మా. వాళ్ళమ్మకు ఎవరైనా చెప్పండి, కాళ్ళు తోమొద్దని, ముందు ఆ గుంటలో నీళ్ళు తోడించమని!"