డెంజిల్ తిప్పిన మర

ఓర్లీనాకు ఒళ్లు మండిపోతోంది. హికరీ చెట్టు కొమ్మ మీద కూర్చుని కాయ కొరుకుతున్న ఉడుతకు ముప్పై గజాల నుంచి తలకే గురిపెట్టింది. తూటా పొట్టలో దిగింది. ఉడుత పడుతూ లేస్తూ పోయి చెట్టు తొర్రలో దూరింది. గంటసేపు కింద నిలబడినా బయటికి రాలేదు. మొగుడు డెంజిల్ పోయి ఆరేళ్లయింది. అతని పాయింట్ టూ-టూ రైఫిల్‌తోనే వేటాడుతోంది. ఒక్క ప్రాణినీ ఇలా కొనూపిరితో వదిలెయ్యలేదు.

ఆ రైఫిల్ మొన్నటిదాకా మరిది కార్లిస్ దగ్గర ఉంది. రెండ్రోజులకని అడిగి వారం ఉంచుకుని, నూనె రాసి తళతళలాడించి మరీ తెచ్చిచ్చాడు. ఆ శ్రద్ధ చూసినప్పుడే అనుమానించాల్సింది. కొండ దిగి తిన్నగా వాడింటికి పోయింది.

వదినను చూడగానే కార్లిస్ ముఖం చాటంత చేసుకుని, కాఫీ కప్పు పక్కనపెట్టి, లోపల్నుంచి ఒక అట్ట పట్టుకొచ్చాడు. దాని మీద అయిదు వలయాలు, ఒక్కోదానిలో అయిదేసి చిల్లులు. కెంటకీ కొండల్లో పుట్టినవాడికి అట్ట మీద చిల్లులు చూసుకుని మురిసిపోయే జబ్బు ఎక్కడ తగులుకుందో!

"చూడు వదినా! అయిదు రకాల తూటాలు పోల్చి చూశాను. అన్నయ్య వాడిన ఆ నిదానంగా పోయే సీసపు తూటాలది నాలుగో స్థానం. ఇదిగో, తగలగానే విచ్చుకునే ఈ బోలు మొన తూటా ఉందే, పిడుగనుకో! చిల్లు మీద చిల్లు. రైఫిల్ మీద గురి చూసే స్కోపు దీనికే సరిచేసి ఇచ్చాను."

"నిన్నెవడు చెయ్యమన్నాడు?"

"నీ మంచికే కదా!"

"నా మంచా? ఆ పిడుగు తగిలితే ఉడుత భుజాలు గుజ్జయిపోవూ? గ్రేవీలో ఏం వేసుకోమంటావు, నీ అట్టముక్కా?"

"తలకు కొడితే ఏ తూటా అయినా ఒకటేగా."

"తలకే గురిపెట్టానురా! మీ అన్న తూటాతో, నువ్వు కెలికిన స్కోపుతో. మెల్లగా పోయేది కదా, కిందికి జారి పొట్టలో దిగింది. తొర్రలో పడి చస్తోంది పాపం. నువ్వెక్కి దించుతావా?"

కార్లిస్ నవ్వు ఆగిపోయింది. "స్కోపు మార్చానని చెప్పడం మర్చిపోయాను" అని నసిగాడు.

ఆ స్కోపు గురి డెంజిల్ పెట్టింది. ఆసుపత్రికి వెళ్లే ముందు ఆదివారం, ఊపిరందకపోయినా పెరట్లో కూర్చుని, ఒక్కో తూటా కాలుస్తూ స్కోపు మీది మరలు తిప్పుకుని, "ఇక దీన్ని ముట్టుకోకు ఓర్లీ" అన్నాడు. అతని చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది, ట్రక్కు అమ్మేసింది. ఆ మరలకు మాత్రం తుడిచేటప్పుడు కూడా వేలు తగలనివ్వలేదు.

"ఎన్ని క్లిక్కులు తిప్పావు?" గొంతు తగ్గించి అడిగింది. అన్నే వెనక్కి తిప్పితే సరిపోతుందని ఆశ.

"లెక్కపెట్టలేదు వదినా."

"ఎటు తిప్పావో అదైనా చెప్పు."

"పైకీ, కిందికీ... పక్కలకీ. అయిదు రకాలు కదా."

వాణ్ని చంపెయ్యాలనిపించింది. అట్ట లాక్కుని, వెనకవైపు బొగ్గుతో చుక్క పెట్టి వాడి మొహాన కొట్టింది. "పోయి కంచెకు తగిలించు!"

జేబులోంచి తూటాల డబ్బా తీసింది. డెంజిల్ మిగిల్చినవాటిలో అదే ఆఖరిది. ఆ రకం ఇప్పుడు రావడం లేదు. కాల్చింది, మర తిప్పింది, తిట్టింది, మళ్లీ కాల్చింది. కార్లిస్ సలహా చెప్పబోతే "నోర్ముయ్" అంది. చివరి మూడూ చుక్కలోనే పడ్డాయి.

"అచ్చం అన్నయ్య పెట్టినట్టే వచ్చింది వదినా!"

"రాలేదురా వెధవా."

పాతది డెంజిల్ తన కంటికి పెట్టుకున్న గురి. ఆమె చేతిలో తూటా ఎప్పుడూ వెంట్రుకవాసి ఎడమకు పోయేది. మర ముట్టుకోకూడదు కాబట్టి ఆరేళ్లూ ఉడుత చెవికి కాస్త కుడిగా గురిపెట్టింది. మీట నొక్కే ముందు ప్రతిసారీ "నీ వంకర చూపు తగలెయ్య, డెంజిల్" అని గొణుక్కునేది. మొగుడితో పోట్లాడటానికి ఆమెకు మిగిలింది అదొక్కటే.

మళ్లీ కొండెక్కి చెట్టు కింద కూర్చుంది. పొద్దు వాలే వేళకు ఉడుత తొర్రలోంచి తల బయటపెట్టింది. అలవాటుగా చెవికి కాస్త కుడిగా గురిపెట్టి, "నీ వంకర చూపు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇప్పుడది తన కంటికి పెట్టుకున్న గురి. దాన్ని చెవి మీదికే జరిపి మీట నొక్కింది.

ఉడుత కింద పడింది. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.