పదమూడు మెట్లున్న కట్ట

దగ్గరికి జరగండమ్మా. ఆ తలుపు పక్కన కూర్చుంటే చల్లగాలికి మీ టీతో పాటు నా మాట కూడా చల్లారిపోతుంది. రాన్ బాబాయ్, నీ కుర్చీ కూడా ఇటు లాక్కో. బిస్కెట్ల పళ్లెం నీతోనే వస్తుందిలే. ప్రార్థన అయిపోయింది కదా అని ఎవరూ కోట్లు తొడుక్కోకండి. ఈ చాపెల్‌లో ఎడమవైపు మూడో బెంచీ మీద కూర్చునే హేజెల్ డాడ్స్ కథ ఇది. ఆమెను అడిగే చెప్తున్నాను. "చెప్పు, కానీ నన్ను మంచిదాన్ని చేసి చెప్పకు" అంది.

హేజెల్ రోజు ఆరింటికి మొదలయ్యేది. బడి వంటింట్లో రెండొందల మంది పిల్లలకి బంగాళాదుంపలు ఉడకబెట్టి మెదిపి, గ్రేవీ కాచి, కస్టర్డ్ ఉండ కట్టకుండా కలిపి, మూడింటికి ఇంటికొచ్చేది. ఆమె భర్త బారీ డరమ్ వెళ్లే బస్సు నడిపేవాడు. పాత గని వీధిలో తొమ్మిదో నెంబరు ఇంట్లో అద్దెకుండేవాళ్లు. ఆ ఇంటికి పదమూడు మెట్లు. వాళ్ల పాప ఐవీ బడి నుంచి వస్తూనే మేడ మీదికి పరిగెత్తి, సంచీ మంచం మీద పారేసి, మళ్లీ దడదడా దిగేది. పదకొండు మెట్లు దిగి, చివరి రెండూ దూకేసేది. బారీ వంటింట్లోంచి "మెల్లగా, తల్లీ" అనేవాడు. రోజూ అనేవాడు, ఆ పిల్ల రోజూ దూకేది.

ఏడేళ్లు నిండిన శీతాకాలంలో ఐవీకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులుంది. నాలుగో రోజు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే రెండోవాళ్లు ఏమైపోతారోనని ఇద్దరికీ భయం.

రెండేళ్లకి ఇంటి యజమాని ప్రుడో ముసలాయన పోయాడు. ఇల్లు ఆయన మేనల్లుడికి వచ్చింది. అతను మనిషి చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. "అమ్మేస్తున్నానమ్మా. ముందు మీకే ఇస్తాను. మార్చి ఆఖరుదాకా ఆగుతాను, ఆ తర్వాత ఆగలేను" అన్నాడు.

ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే సొసైటీకి వెళ్లారు. సొసైటీ సరేనంది. కౌంటర్లో అమ్మాయి సంతకాలన్నీ పెట్టించుకుని, ఒక కాగితం చేతిలో పెట్టి, ఊపిరి తీసుకోకుండా చెప్పిన పది సంగతుల మధ్యలో ఇదీ చెప్పింది. "ఇంటి కాగితాలు చూడ్డానికి ఈ జాబితాలో ఉన్న సొలిసిటర్నే, అంటే లాయర్నే, పెట్టుకోండి. డబ్బు వాళ్ల చేతికే పంపుతాం."

హేజెల్ ఆ జాబితా మడిచి వంటింటి సొరుగులో, గిన్నెలు తుడిచే తువ్వాళ్ల కింద పెట్టింది.

ఎందుకంటే మన ఊళ్లో ఇల్లు కొనేవాళ్లు ఎక్కడికి వెళ్తారో మీకు తెలుసు. బేకరీ పైన మిస్ వినిఫ్రెడ్ హెరన్ ఆఫీసుకి. డెబ్బై దాటినా ఒంటరిగానే ప్రాక్టీసు చేసేదావిడ. సగం ఊరి దస్తావేజులు కట్టలు కట్టలుగా ఆవిడ బీరువాల్లో ఉండేవి. కట్టకున్న గులాబీ రంగు నాడా విప్పితే ఆ ఇల్లు వినిపించేది. శనివారం పొద్దున్నే జనం వెళ్లి, కూర్చుని, విని, కొనేవాళ్లు. కప్పు కారుతుంటే కారుతున్నట్టు వినిపించేది. బేకరీ వాళ్ల తమ్ముడు ఒక కట్టలో మొగుడూపెళ్లాల తగువు విని, కొనకుండానే టోపీ పెట్టుకుని వచ్చేశాడు. సోమవారం పోస్టాఫీసు తెరిచినంత మామూలు విషయం అది.

జనవరిలో హేజెల్, బారీ వెళ్లారు. ముసలాయన దాచమని ఇచ్చిన కట్ట మిస్ హెరన్ దగ్గరే ఉంది. ఆవిడ నాడా విప్పింది. ముందు బొగ్గు పారతో ఎత్తుతున్న చప్పుడు. ఎప్పటిదో ఒక కుక్క మొరిగింది. ఎవరో ఆడమనిషి సన్నగా కీర్తన పాడుకుంది. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. దడదడా పదకొండు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆపైన ఒక్క దూకుడు.

బారీ టోపీ తీసేశాడు. హేజెల్ ఏడవలేదు. "ఇల్లు కొన్నాక ఈ కట్ట ఎవరిది?" అని అడిగింది.

"ఇల్లు ఎవరిదో కట్ట వాళ్లదే, తల్లీ."

వీధిలోకి వచ్చాక బారీ అన్నాడు, "ఆ జాబితాలో ఈవిడ పేరుందా?"

"లేకపోతే ఏంటట? మా అమ్మ ఇంటి కాగితాలు చూసింది ఈవిడే. అలాంటి మనిషిని పట్టుకుని, మీరు జాబితాలో ఉన్నారా అని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"నా బస్సెక్కితే మా పెద్దమ్మని కూడా టికెట్ అడుగుతాను నేను."

"అందుకే ఆవిడ నడిచొస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రెండేళ్లలో అదే మొదటిసారి.

ఇక బేకరీ పైన ఆ ఆఫీసులో సంగతి. కాగితాల మీద సొసైటీ పేరు చూసి మిస్ హెరన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కిందటి వసంతంలోనే ఆ సొసైటీ, ఏడాదికి నాలుగైదు ఇళ్లు మాత్రమే చూసే ఒంటరి సొలిసిటర్లని జాబితాలోంచి తీసేసింది. ఆ ఉత్తరం ఆవిడ సొరుగులోనే ఉంది. నలభై ఆరేళ్లు పనిచేసిన మనిషి. "నేను మీకు పనికిరాను, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి" అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నన్ను మళ్లీ చేర్చుకోండి అని సొసైటీకి రాసింది. జవాబు కోసం రోజూ పోస్టుమాన్ అడుగులు వింటూ కూర్చుంది.

చూశారా, ఇక్కడొక సొరుగు, అక్కడొక సొరుగు. మధ్యలో మన ఊరి మర్యాద.

ఫిబ్రవరిలో వీధి కింద గని సొరంగాలు ఎక్కడున్నాయో తెలిపే కాగితం కూడా వచ్చింది. అన్నీ సిద్ధం. మార్చి ఇరవయ్యో తేదీన, హేజెల్ కస్టర్డ్ కలుపుతుంటే ఫోను మోగింది.

"మీ సొలిసిటర్ మా జాబితాలో లేరండీ. మేము ఆవిడకి డబ్బు పంపలేం."

"ఆవిడ అందరికీ తెలిసినావిడే. ఎవర్నైనా అడగండి."

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది. జాబితాలో ఉన్నవాళ్లని పెట్టుకోండి. వాళ్లు మొదట్నుంచి అన్నీ చూడాలి. ఆరు వారాలు అనుకోండి."

ఆ రోజు కస్టర్డ్ ఉండ కట్టింది. పిల్లలు అలాగే తినేశారు.

మేనల్లుడు కూడా నెమ్మదిగానే చెప్పాడు. "ఆరు వారాలు ఆగలేనమ్మా. అప్పు అక్కర్లేకుండా కొనే ఆయన ఒకాయన ఉన్నాడు. మీ మీద కోపమేం లేదు."

ఇల్లు పోయింది. నేను అప్పుడే చెప్పానుగా అని బారీ అనలేదు. అంటే బాగుండేదని హేజెల్‌కి అనిపించింది.

ఏప్రిల్లో వాళ్లకి ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఫ్లాటు దొరికింది. కింది అంతస్తు, రెండు గదులు, ఒక్క మెట్టు కూడా లేదు. తాళాలు పన్నెండింటికల్లా ఇచ్చెయ్యాలి. సామానంతా వ్యానులోకి ఎక్కింది. హేజెల్ మాత్రం మూడో మెట్టు మీద కూర్చుంది.

"పదకొండయింది" అన్నాడు బారీ.

"నువ్వు వెళ్లు. నేను రాను."

"వాళ్లొచ్చి లేపుతారు."

"లేపనీ."

బారీ పక్కన కూర్చున్నాడు. బయట వాన. అప్పుడు తెరిచున్న తలుపు దగ్గరికి మిస్ హెరన్ వచ్చింది. గొడుగు లేదు. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, లోపల దేన్నో పొదువుకుని ఉంది.

"లోపలికి రమ్మనకండి. ఇక్కడే నిలబడి చెప్తాను" అంది. "నేను జాబితాలో లేనని నాకు జనవరిలోనే తెలుసు. ఒక్క మాట చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు. తప్పు నాది."



"జాబితా మొదట్నుంచీ నా సొరుగులోనే ఉంది, మిస్ హెరన్ గారూ" అంది హేజెల్. "తువ్వాళ్ల కింద పెట్టాను. మిమ్మల్ని అడగడం అమర్యాద అనుకున్నాను."

ఆవిడ కోటు గుండీలు విప్పి కట్ట బయటికి తీసింది. తను నిలువెల్లా తడిసింది కానీ కట్ట మీద ఒక్క చుక్క పడలేదు. "కొన్నాయన తరఫు లాయరు, ఇల్లు కంప్యూటర్లో నమోదై ఉంది, పాత కాగితాలు అక్కర్లేదన్నాడు. మేనల్లుడి ఇంటికి వెళ్లి కట్ట ఇమ్మని అడిగాను. నేనెప్పుడూ ఎవరి గుమ్మం దగ్గరా నిలబడి ఏదీ అడగలేదు. అతను టోస్టు తింటూ, పొయ్యిలో వేసుకోండి అన్నాడు. దాన్ని ఇచ్చినట్టే లెక్క వేసుకున్నాను."

హేజెల్ కట్ట అందుకుని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కొంచెం పక్కకి జరిగింది. జరిగి, మెట్టు మీద చేత్తో తట్టింది. మిస్ హెరన్ లోపలికి వచ్చి ఒక మెట్టు కింద కూర్చుంది. ముగ్గురూ అలా కూర్చున్నారు. పన్నెండుకి పావుగంట ముందు హేజెల్ తనంతట తనే లేచి తలుపు తాళం వేసింది.

కొత్త ఫ్లాట్లో కట్టని రేడియో పక్కన పెట్టారు. సామాను సగం సర్దారు. నాలుగైంది. వీధిలో బడి పిల్లలు ఇళ్లకి పోతున్నారు. హేజెల్ నాడా విప్పింది. మెట్లు లేని ఆ ఇంట్లో అడుగులు దిగాయి. పదకొండు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆపైన ఒక్క దూకుడు.

వంటింట్లో కెటిల్ నింపుతున్న బారీ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మెల్లగా, ఐవీ తల్లీ."

రెండేళ్ల తర్వాత ఆ పేరు అతని నోట వచ్చింది. కెటిల్ నిండి నీళ్లు పొర్లి పోతున్నా అతను కుళాయి కట్టెయ్యలేదు. హేజెల్ వెళ్లి కట్టేసింది. ఆ సాయంత్రం ఇద్దరూ పాప గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మరునాడు ఆరింటికి ఆమె పనికి వెళ్లింది. ఆ వచ్చిన ఆదివారం మూడో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. అంతకుముందు రెండేళ్లూ ఆ బెంచీ ఖాళీగా ఉండేది.

మిస్ హెరన్ కిటికీలో ఒక అట్ట పెట్టింది. "నేను అన్ని జాబితాల్లోనూ లేను. ముందు నన్ను అడగండి" అని. మరో ఏడాదిన్నరకి ఆఫీసు మూసేసింది. నిరుడు ఆవిడ శవపేటిక ఈ తలుపులోంచే మోసుకెళ్లాం. ముందు వైపు పట్టినవాళ్లలో బారీ ఒకడు.

ఇప్పుడు కోట్లు వేసుకోండి. సొసైటీ, సొలిసిటరు, ఆ కాగితాలు అన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. డెబ్బై దాటిన మనిషి వానలో నడిచొచ్చి, ఒక గడప దగ్గర నిలబడి, "తప్పు నాది" అంది. మీలో ప్రతి ఒక్కరికీ అలాంటి గడప ఒకటి ఉంది. అది ఏ వీధిలో ఉందో నేను అడగను. ఇంటికి వెళ్లేటప్పుడు అటు నుంచి వెళ్లండి.