జరీ ముడి

సాంచాలు ఆగిన రెండో నెలలో నా చెవుల్లో హోరు మొదలైంది. సూరత్‌లో నలభై రెండేళ్ళు ఆ కరెంటు మగ్గాల చప్పుడులోనే వండాను, తిన్నాను, పడుకున్నాను. అది ఒక్కసారిగా ఆగిపోతే చెవి ఊరుకోదు కాబోలు, దానికదే ఏదో మోగించుకుంటుంది.

పర్వత్ పాటియాలో మేడ మీద మా వరసకి పన్నెండు గదులు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టిననాడు అన్నీ నిండుగా ఉండేవి. మే నెల సగమయ్యేసరికి పది తాళాలు పడ్డాయి. రైలు లిస్టులో పేరొచ్చినవాళ్ళు రైల్లో, రానివాళ్ళు లారీల మీద, అందరూ తెలంగాణకే పోయారు. పోతూ పోతూ తలా ఒకటి నా చేతిలో పెట్టారు. ఒకరు సగం పప్పుడబ్బా, ఒకరు తులసికుండీ, నలుగురు చీపుర్లు. నాలుగు చీపుర్లూ మూలకి నిలబెట్టి, ఊడవడానికి ఒక్కదాన్ని మిగిలాను.

ఒక్కదాన్నే అనకూడదులే. పక్క గదిలో నవత ఉంది, ఆమె భర్త శివకృష్ణ ఉన్నాడు. నవతకి ఎనిమిదో నెల. రెండేళ్ళ కింద పెళ్ళయి ఈ గదికి వచ్చిననాడు గుజరాతీ ముక్క రాదు, పాలవాడొస్తే తలుపు వెనక దాక్కునేది. నేనే వెంట తిప్పాను. ఇప్పుడు సాయంత్రమైతే వచ్చి, వాచిన కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. లోపలి బిడ్డ తంతే నా చెయ్యి తీసుకుని అక్కడ ఆనిస్తుంది. మా ఆయన కనకయ్య పోయి రెండేళ్ళు. నా కూతురు, మనవలు భివండీలో ఉన్నారు. దారులన్నీ మూసేశారు. ఫోన్‌లో కనిపిస్తారు, ముద్దు పెట్టుకుంటే అద్దం తడుస్తుంది. నా చేతికి తగిలే ప్రాణం ఆ బిడ్డ ఒక్కటే.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలని నవత తల్లి సిరిసిల్ల దగ్గర ఎదురుచూస్తోంది. ఇక్కడేమో ఒక దవాఖానలో కొత్తవాళ్ళని చేర్చుకోవడం లేదని గేటు దగ్గరే చెప్పి పంపారు. మందులిచ్చే డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. బీపీ ఉంది, ఎండలో ప్రయాణం కూడదు, పోతే ఏసీ బండిలోనే పోవాలి అని. వెయ్యి కిలోమీటర్లు రావడానికి ఏసీ కారువాడు ఒక్కడూ ఒప్పుకోలేదు.

అప్పుడు మొండయ్య గుర్తొచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి, లారీ డ్రైవరు, మా ఆయన దగ్గర పాత గిరాకీ. మందుల డబ్బాల లోడుతో కరీంనగర్ పోతున్నాడట. ఆయన లారీకి ముందు క్యాబిన్‌లో ఏసీ ఉంది. పాత లారీకి ఏసీ ఎక్కడిదంటారేమో, దాన్ని మొదట కొన్న సేటుకి ఆయాసం. డ్రైవరు పక్కన తనే కూర్చుని తిరిగేవాడు, దుమ్ము పడేది కాదు, అందుకని విడిగా బిగించుకున్నాడు. పదకొండేళ్ళ కింద ఆ బిగింపులో తీగల పనంతా మా ఆయనదే. శివకృష్ణ తిరిగి తిరిగి ఇద్దరి పేర్ల మీద పాసు తెచ్చాడు. బయల్దేరిన మర్నాటితో దాని గడువు సరి. మొండయ్య సాయంత్రం నాలుగింటికి బయల్దేరాలి.

పొద్దున్న తొమ్మిదింటికి లారీ మా వరస ముందు ఆగింది. మొండయ్య దిగి, మాస్కు గడ్డం కిందికి లాగి, తల గోక్కున్నాడు.

"వదినె, ఒక ముచ్చట. ఏసీ నడుస్తలేదు. రెండేండ్లాయె, స్విచ్ ఒత్తితే చాలు ఫ్యూజ్ ఎగిరిపోతది. నేనొక్కన్నే గదా, కిడికీ తెరుసుకొని నడుపుకుంటున్న."

"మరి ఫోన్‌ల చెప్పకపోతివి?"

"చెప్తే ఏం జేస్తువు? దుకాన్లన్నీ బంద్. కనకన్న ఇంట్ల మనిషివి, నీకేమన్న ఎరుకుంటదని నేరుగ వచ్చిన."

ఎరుకే. మా ఆయన మొదట నేతపనివాడు. సాంచా మోటార్లు బాగుచేస్తూ కరెంటు నేర్చుకుని లారీలకి మళ్ళాడు. ఇరవై ఏడేళ్ళు ఆయన లారీ కింద పడుకుంటే నేను పైన క్యాబిన్‌లో కూర్చుని బల్బు చూసి చెప్పేదాన్ని. వెలిగింది అంటే ఒకటి, ఆరింది అంటే ఒకటి. నేత బుద్ధి ఎక్కడికి పోతుంది, ప్రతి తీగకీ గుర్తుగా రంగు నూలు కట్టేవాడు. బ్యాటరీ నుంచి వచ్చే తీగకి ఎర్రది, బాడీకి పోయేదానికి నల్లది, ఏసీ తీగలకి పసుపుది. నేను చదివింది రెండో తరగతి. కానీ ఏ లారీలో ఏ నూలు ఎక్కడ కట్టామో ఇప్పటికీ చెప్పగలను.

ఆయన బిస్కెట్ డబ్బా అటక మీద నుంచి దించాను. రెండు తీగలున్న బల్బు, పట్టకారు, టేపు, నాలుగు ఫ్యూజులు. అన్నీ ఆయన పెట్టినట్టే ఉన్నాయి.

శివకృష్ణ పైన మూటలు కడుతున్నాడు. మొండయ్య ట్రాన్స్‌పోర్టు ఆఫీసుతో ఫోన్‌లో పడ్డాడు. నవతని క్యాబిన్‌లో కూర్చోబెట్టాను. ఫ్యూజ్ పీకి, దాని రెండు కాళ్ళ చోట బల్బు తీగలు పెట్టి ఏసీ స్విచ్ వేశాను. బల్బు భగ్గున వెలిగింది.

"సూడు బిడ్డా. కరెంటు సక్కగ కంప్రెసర్ కాయిల్ దాక పోతే బల్బు మసకగ వెలుగుతది. గిట్ల నిండుగ వెలిగిందంటే తొవ్వల ఏదో తీగ బాడీకి తాకుతుందన్నట్టు. నేను ఒక్కొక్క ప్లగ్గు పీక్కుంట పోత. ఎక్కడ పీకితే బల్బు ఆరుతదో, తప్పు దానికి అవతల ఉన్నట్టు. ఆరకపోతే ఇవతలనే."

"అంటే నేను సూసి చెప్పాలె."

"గంతే. నీ పని గదే. నిద్రపోకు."

"నిద్రెక్కడిదవ్వా, లోపట వీడు పొద్దటిసంది సాంచా నడుపుతుండు."

మొదట డాష్‌బోర్డు కింద ప్లగ్గు పీకాను.

"ఆరింది!" అంది.

అంటే తప్పు ముందుంది. ప్లగ్గు మళ్ళీ పెట్టి, దిగి, లారీ ముందుకి పోయి జాలీ తెరిచాను. బంపర్ మీద ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, బతిమాలి ఎక్కించాను. కంప్రెసర్ కాయిల్ ప్లగ్గు పీకాను.

"ఇప్పుడు?"

"వెలుగుతనే ఉందవ్వా!"

ఆరలేదంటే కాయిల్ మంచిదే. తప్పు ఈ ప్లగ్గుకీ డాష్‌బోర్డుకీ మధ్య తీగలో ఉంది. చెయ్యి లోపలికి పెట్టి తీగ వెంట తడుముతూ పోయాను, తెగిన పోగు కోసం పడుగు వెంట పోయినట్టు. ఇనుప పట్టీ దగ్గర తీగ వంపు తిరిగినచోట ఏదో మెరిసింది.

జరీ.

చూడగానే ఆ రోజంతా కళ్ళ ముందుకొచ్చింది. పసుపు నూలు అయిపోయింది. మా ఆయన లారీ కింద నుంచి చెయ్యి చాపి, "పసుపుది ఇయ్యవే" అన్నాడు. లేచి ఇంటికి పోవడానికి బద్ధకించాను. కింది గది జరీవాళ్ళు పారేసిన అసలు జరీ పోగులు నా కొంగున ముడేసుకుని ఉన్నాను, అలాంటివి పారేయబుద్ధి కాదు నాకు. పది పోగులు పేని ఆయన చేతిలో పెట్టాను. రంగు పసుపే కదా అనుకున్నాను. ఆయన ఇంకో తీగ వైపు చూస్తూ చేతి తడుముడుతోనే ముడేశాడు. జరీ అంటే ఉత్త నూలు కాదు, కరెంటు పారే లోహపు తీగ చుట్టిన పోగు అన్నది నాకు తట్టలేదు. పదకొండేళ్ళ వేడికి తీగ మీది తొడుగు పగిలింది, ముడి లోపలికి కోసుకుంది, దాని కొస పోయి ఇనుప పట్టీకి తగిలింది. ఆయన పోయేదాకా ఆ ముడి జరీదని ఆయనకి తెలియదు.

పట్టకారు చేతిలోనే ఉంది. ఒక్క కత్తిరింపు, రెండు చుట్లు టేపు. అంతే పని.

మొండయ్య ఫోన్ పెట్టేసి వచ్చాడు. "ఏమైంది వదినె?"

పైనుంచి శివకృష్ణ మూటలు దించుతున్న చప్పుడు. వాళ్ళ గదికి పడబోయే పదకొండో తాళం గుర్తొచ్చింది. నాలుగింటి తర్వాత ఆ వరసలో ఎవరు తుమ్మినా అది నేనే.

"కాయిల్ పోయింది మొండయ్యా," అన్నాను.

"అరె. కాయిల్ ఇప్పుడు యాడ దొరుకుతది?"

"దొరకది."

దిగి, కొంగుతో చేతులు తుడుచుకున్నాను. క్యాబిన్‌లో నవత బల్బు వైపే చూస్తూ కూర్చుంది. మెల్లగా స్విచ్ తీసేసి దిగింది.

శివకృష్ణ మూటలు మళ్ళీ పైకి మోశాడు. మొండయ్య లోడు కట్టించుకు రావడానికి పోతూ, "నాలుగింటికి మల్ల ఇట్లనే పోత, ఏమన్న దారి దొరికితే చెప్పున్రి" అన్నాడు. ఆ ఎండలో ఇంకేం దారి దొరుకుతుంది!

మధ్యాహ్నం పెసరపప్పు, అన్నం వండి ముగ్గురికీ పెట్టాను. మామిడికాయ తొక్కు కూడా తీశాను. నా సంబరం నాకే తెలుస్తోంది, గరిటె చప్పుడు కూడా ఎక్కువగానే ఉంది. శివకృష్ణ రెండు ముద్దలు తిని లేచిపోయాడు. నవత మాత్రం మొత్తం తిని, రోజూలాగే వచ్చి నా ఒళ్ళో కాళ్ళు పెట్టింది. చీలమండ మీద వేలు నొక్కి తీశాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా నిండలేదు.

అప్పుడే తల్లి ఫోన్ చేసింది.

"లేదమ్మా, వస్తలేము. బండి ఖరాబైంది," అంది నవత. అవతల ఆమె ఏడుస్తున్నట్టుంది. "ఏడ్వకే. కొమురవ్వ ఉంది గదా. ఫికర్ చెయ్యకు."

నా చెయ్యి ఆ కాలి మీదే ఉండిపోయింది.

మా ఆయన ఒకసారి బార్డోలీ చెరకులారీకి తీగ తప్పుగా కలిపి పంపాడు. ఆ సంగతి రాత్రి అన్నం తింటుంటే తట్టింది. పొద్దున్నే మొదటి బస్సుకి బార్డోలీ పోయాడు. ఎవరికి తెలుస్తుందయ్యా, లారీ నడుస్తూనే ఉంది కదా అని అడ్డం పడ్డాను. "తెలిసినోన్ని నేనున్న గదనే," అని చెప్పులు తొడుక్కున్నాడు. ఆ లారీవాడు ఒక పూట తిట్టి, ఒక బెల్లం దిమ్మ ఇచ్చి పంపాడు. ఆ బెల్లం నెలంతా తిన్నాం.

"నవతా."

"ఊఁ."

"కాయిల్ మంచిగనే ఉందే."

"తెలుసు."

నేను తలెత్తాను. ఆమె గోడవైపు చూస్తోంది.

"కాయిల్ పోతే ప్లగ్గు పీకంగనే ఆరాలె అంటివి. నువ్వు పీకినవు, ఆరలే. నేనే గద ఒర్రి చెప్పిన."

"మరి అప్పుడే అనకపోతివి, దొంగదానా!"

"ఏమని అనాలె? మొండయ్య మామ ముంగట నిన్ను అబద్ధపుదానివి అనాల్నా?" కాలి పట్టీ సవరించుకుంది. "మూడింటిదాక సూద్దామనుకున్న. నువ్వు చెప్పకుంటే నేనే చెప్దామనుకున్న. మూడయ్యింది. చెప్పబుద్ధి కాలే."

ఆమె పాదాలు ఒళ్ళోంచి దించి, లేచి, బిస్కెట్ డబ్బా తీసుకున్నాను.

మొండయ్య వచ్చేసరికి నేను కిందే నిలబడి ఉన్నాను. "కాయిల్ అన్నవు గద వదినె?"

"అబద్ధం చెప్పిన. తీగ మీద కట్టనీకి జరీ ఇచ్చింది నేనే, అబద్ధం చెప్పింది నేనే. జాలీ తెరువు."

ఆయన తాళం వేసిన పదిగదుల వైపు చూశాడు. "కనకన్న ఉంటే నిన్ను లారీ కింద పండబెట్టి మొత్తం తీగలు మళ్ళ కట్టిచ్చేటోడు," అని జాలీ తెరిచాడు.

జరీ కత్తిరించి తీశాను. పగిలిన చోట టేపు చుట్టి, కాయిల్ ప్లగ్గు మళ్ళీ పెట్టాను. మళ్ళీ బల్బు ముందు కూర్చున్న నవత క్యాబిన్‌లోంచి అరిచింది, "మసకగ వెలుగుతుందవ్వా! మసకగ!" బల్బు తీసి ఫ్యూజ్ పెట్టించాను. మొండయ్య ఇంజన్ స్టార్ట్ చేసి స్విచ్ నొక్కాడు. ముందు కంప్రెసర్ టక్కుమని పట్టుకుంది. ఎన్నివందలసార్లు విన్నాను ఆ టక్కు! అది వినపడగానే మా ఆయన లారీ కింద నుంచి, "ఇగ చాయ పెట్టు" అనేవాడు.

శివకృష్ణ మూటలు మూడోసారి మోశాడు. ఈసారి మెట్లు రెండేసి దిగాడు.

"గుర్తుకు ఏం కడదామవ్వా?" అని నవత తన చున్నీ అంచులోంచి పసుపు పోగు లాగి ఇచ్చింది. తీగకి కట్టాను. నూలుపోగే, రెండుసార్లు చూసుకున్నాను. బల్బూ మిగిలిన ఫ్యూజులూ ఆమెకే ఇచ్చేశాను. దారిలో ఏదైనా అయితే చూసి చెప్పడం వచ్చిన మనిషి ఆమే కదా.

గది తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"చీపురు మాత్రం ఇయ్యకే," అన్నాను.

మాస్కు లోపల నవ్విందో ఏడ్చిందో, కళ్ళు మాత్రం మూసుకుపోయాయి. నా చెయ్యి తీసుకుని ఎప్పుడూ ఆనించే చోట ఆనించింది. లోపలివాడు ఆ పూట కదల్లేదు. చల్లగాలికి నిద్రపోయాడేమో.

లారీ మలుపు తిరిగింది. పదకొండు తాళాలు. పైకొచ్చి పొయ్యి వెలిగించి, అన్నం ఎసట్లో ముగ్గురి బియ్యం పోశాక గుర్తొచ్చింది. తీయలేదు, అలాగే ఉడకనిచ్చాను.

పొద్దు గుంకుతుంటే ఫోన్ మోగింది.

"అవ్వా, చలి పెడుతుందే! దుప్పటి కప్పుకున్న. ఇను, ఇను."

గాలి వచ్చే చోట ఫోన్ పెట్టినట్టుంది. మాటలేవీ లేవు, ఒకటే హోరు, మెత్తగా, ఆగకుండా. నా చెవిలోని హోరు దానిలో ఎక్కడో కలిసిపోయింది. ఉలక్కుండా మెట్టు మీద కూర్చుని వింటున్నాను. ఘాట్ రోడ్డు మొదలైనట్టుంది, సిగ్నల్ అందక గాలి తెగుతూ తెగుతూ వస్తోంది. పెట్టెయ్యమని నేను చెప్పలేదు.