బీట మీద అద్దం ముక్క

మా ఇంట్లో పెద్ద మెట్లకు కింద ఏ ఆధారమూ ఉండదు. ప్రతి రాతిమెట్టూ ఒక కొసన గోడలో దూరి ఉంటుంది, రెండో కొస గాలిలోనే. పైమెట్టు బరువంతా కిందిమెట్టు మీద. స్కెల్‌వుడ్ హాల్ అనే ఈ భవంతి కట్టించిన మహానుభావుడికి అందం మీదున్న శ్రద్ధ దిగేవాళ్ల ప్రాణాల మీద లేదని నాకెప్పుడూ అనుమానమే.

ఆ శీతాకాలం మెట్లగోడ బీటలిచ్చింది. ఇంజనీరు వచ్చి బీటకు అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించాడు. అద్దం పగిలితే గోడ కదులుతున్నట్టేననీ, ఇక మెట్ల మీద ఎవరూ కాలు పెట్టకూడదనీ చెప్పి వెళ్లాడు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. టీ కప్పు చేత్తో పట్టుకునే వెళ్లి చూసొచ్చేదాన్ని.

మా అమ్మాయి ఇసొబెల్ పెళ్లి శనివారం. గురువారం చూస్తే అద్దం మీద దుమ్ము లేదు. అతుకును గోటితో నొక్కాను. మెత్తగా దిగబడింది. కిటికీలకు పెట్టే పుట్టీ! పాత అద్దం పగిలితే మా ఆయన ఆంబ్రోస్ గుట్టుచప్పుడు కాకుండా కొత్తది పెట్టేశాడన్నమాట. మెత్తటి పుట్టీలో అద్దం ఇక పగలదు, గోడ ఎటు జరిగితే అటు జరుగుతుంది.

ఈ ఇంటి ఆడపిల్లను పెళ్లిరోజున తండ్రి పైకెళ్లి ఆ మెట్ల మీదుగానే దించుకురావాలి. వెనకే తోడిపెళ్లికూతుళ్లు, మేనత్తలు, అందరూ ఒక్కసారే.

నిలదీస్తే పేపరు మడవకుండానే, ఇన్నాళ్లు నిలబడ్డ గోడ శనివారం దాకా ఆగలేదా అన్నాడు. తన అక్కలంతా అలాగే దిగారట.

"నువ్వు చెప్పకపోతే దానికి నేనే చెప్తాను" అన్నాను.

"దాని మొహం చూసి చెప్పగలిగితే చెప్పు."

చెప్పలేకపోయాను. నా పిరికితనం మీద నాకే ఒళ్లు మండింది. పెద్ద మెట్లకు మైనం రాశాం, జారతారు అని అబద్ధమాడి, రెండు రోజులూ అందరినీ ఇంటి వెనక పనివాళ్లు వాడే మెట్ల మీదే తిప్పాను.

శనివారం హాలు నిండా చుట్టాలు. పైన తెల్ల గౌనులో ఇసొబెల్, దాని వెనక టోపీలు పెట్టుకున్న నా ఆడపడుచులు. ఇక ఆగలేక నోరు తెరిచాను. అప్పటికే ఆంబ్రోస్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పెట్టి, ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు, పైకి చూశాడు. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇసీ, అక్కడే ఆగమ్మా. వెనక మెట్ల మీదుగా రా. అందరూ అటే రండి."

"ఎందుకు నాన్నా?"

"అద్దం పగిలింది. నేనే మార్చాను."

మా వాళ్లంతా ఒక్కసారిగా పైకప్పు నగిషీలు మెచ్చుకోవడంలో పడ్డారు. ఇసొబెల్ వంటింటి దారిన, గౌను అంచుకు పిండి అంటించుకుని నవ్వుతూ వచ్చింది. దాని చెయ్యి పట్టుకున్న ఆంబ్రోస్ చర్చి దాకా వదల్లేదు. నేను దారి పొడుగునా ఏడ్చాను.

ఆ అద్దం ఈనాటికీ చెక్కుచెదరలేదు. వచ్చినవాళ్లందరికీ ఆంబ్రోస్ దాన్ని గర్వంగా చూపిస్తాడు. చూపించి, పడుకోవడానికి వెనక మెట్లెక్కి వెళతాడు.