చప్పుడు తీసేసే బటన్

మా అత్తగారికి మిగిలిన పై ముందు పళ్ళు రెండూ పీకించడానికి ముందురోజే రికార్డింగ్ ముగించాం. ఆ రెండు పళ్ళూ లేకపోతే ఆవిడ సంగీతమే లేదు. ఆవిడ వాయిద్యం అరచేతిలో ఇమిడిపోయే ఇనుప ముక్క, మధ్యలో నాలుకలా సన్నటి రేకు. దాన్ని పళ్ళకు ఆనించి, రేకును వేలితో మీటుతూ, నోటిని తెరుస్తూ మూస్తూ రాగం పుట్టిస్తారు. పెట్టుడు పళ్ళు ఆ అదురుకు నిలవవని మా కోచ్కోర్ ఊళ్ళో పళ్ళ డాక్టరు ముందే చెప్పేశాడు. ఇక ఆవిడ రాగాలంటే నా ల్యాప్‌టాప్‌లో ఉన్నవే. అవి పాడైతే మళ్ళీ వాయించే మనిషి లేదు.

ఆ వాయిద్యం అసలు పేరు తెమిర్ కొముజ్. రాస్తున్నాను కాబట్టి సరిపోయింది గానీ, నోటితో అనమంటే చచ్చినా అనను. తెమిర్ అంటే ఇనుము. మా మామగారి పేరు కూడా తెమిరే. మా కిర్గిజ్ ఇళ్ళల్లో ఆడది మొగుడి పేరు పలకదు, అత్తింటి పెద్దల పేర్లూ పలకదు. ఆ పేరు వేరే మాటలో దూరి కూర్చుంటే ఆ మాటనే వదిలేసి ఇంకోటి వెతుక్కుంటుంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా మా ఇంట్లో ఆ కట్టు సడలలేదు. ఇనుమును నేను "గట్టిది" అంటాను. ఇనుప పొయ్యి గట్టి పొయ్యి, మేకు గట్టి మేకు. రైలు పట్టాలను మా భాషలో ఇనుప దారి అంటారు. ఓసారి బిష్కెక్‌లో ఒక పోలీసును "గట్టి దారి స్టేషను ఎటు?" అని అడిగితే, పాపం నన్ను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అత్తగారు తన వాయిద్యాన్ని పంటి కొముజ్ అంటుంది. నేనూ అంతే.

అత్తగారి పేరు సోనున్‌బూబూ. ఇంటిల్లిపాదీ అమ్మా అన్నట్టు అపా అనే పిలుస్తాం. వచ్చే శనివారం ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు విందు. అత్‌బాషీ నుంచి చుట్టాలంతా దిగుతారు. వాళ్ళకు ఆ రాగాలు వినిపించాలి, వెళ్ళేటప్పుడు తలా ఒక కాపీ చేతిలో పెట్టాలి. రికార్డు చేసింది మా వంటింట్లో, గోడలకు ఉన్ని తివాచీలు వేలాడదీసి. అయినా కెటిల్ బుసా, ఆవు అరుపూ, పక్కింటి జూరా తన కోళ్ళను తిట్టడమూ అన్నీ అందులో పడ్డాయి. ఒక రాగం గొణిగినట్టుంటే ఇంకోటి చెవిలో అరిచినట్టుంది. వాటన్నిటినీ ఒక తీరుకు తెచ్చి, నలుగురిలో వినగలిగేలా చెయ్యడాన్ని మాస్టరింగ్ అంటారట. నేను పిల్లల బడిలో అకార్డియన్ వాయిస్తాను. ఆ పాపానికి ఈ పని నా నెత్తిన పడింది.

దీనికి ఏ ప్రోగ్రాం వాడాలన్నది ముందు తేలాలి కదా. మొదట ఉచితంగా దొరికేది ఒకటి దింపుకున్నాను. తెరంతా బూడిదరంగు, మధ్యలో వంకర గీతలు. అందులో ఏ పనైనా మనమే చేత్తో చేసుకోవాలి. పట్నంలో స్టూడియోల వాళ్ళు వాడేదని ఇంకోటి తెచ్చాను. అది తెరుచుకునేలోపు ల్యాప్‌టాప్ ఎంత వేడెక్కిందంటే, మా పిల్లి వచ్చి దాని మీద పడుకుంది. ఆ ప్రోగ్రాంలో నాకు అర్థమైన బటన్ ఒక్కటే, మూసేసేది.

అప్పుడు వచ్చాడు మా మరిది తిలెక్. సెల్‌ఫోన్ల కొట్లో పని. వాడు "జెంగే" అని వదినను తీయగా పిలిచాడంటే, ఏదో ఒకటి అంటగట్టబోతున్నాడని అర్థం.

"జెంగే, ఇంకా ఆ ముసలి ప్రోగ్రాంనే పట్టుకుని వేలాడుతున్నావా? ఇది చూడు. ఒక్క బటన్. చప్పుడంతా అదే తీసేస్తుంది."

"ఏ చప్పుడు?"

"ఏదైనా సరే."

"మీ అన్నయ్య గురక కూడానా?"

"అంత బరువు మొయ్యదులే. అవునూ, ఈ ల్యాప్‌టాప్ మూత దేంతో చేశారంటావ్?"

నా చేత ఆ పేరు అనిపించాలని పెళ్ళయినప్పట్నించీ వాడి తాపత్రయం.

"గట్టిదాంతో."

"గట్టిదంటే? రాయా?"

"కాదు, నీ తలకాయ."

పోట్లాడుకుంటూనే ఆ బటన్ నొక్కాం. ఏం చెప్పను! కెటిల్ పోయింది. ఆవు పోయింది. జూరా కోళ్ళతో సహా పోయింది. రాగం ఒక్కటే మిగిలింది, తోమిన గిన్నెలా తళతళలాడుతూ. రాగం అయిపోగానే టక్కున నిశ్శబ్దం. తిలెక్ మీసం లేని చోట మీసం తిప్పాడు. నాకూ పట్టరాని సంతోషం వేసింది. ఇన్నాళ్ళు వంటింట్లో మూలుగుతున్న సంగీతం రేడియోలో వస్తున్నట్టుందని అక్కడే గంతులేశాను.

అపాను పిలిచి, తలగుడ్డ మీదుగానే హెడ్‌ఫోన్లు పెట్టాం. కళ్ళు మూసుకుంది. వేలు గాల్లో మీటుతోంది. పళ్ళు లేని నోరు విప్పి నవ్వింది కూడా. అంతలో రాగం అయిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్లు కాస్త ఎత్తి, మళ్ళీ చెవులకు అదుముకుంది. మొహంలో నవ్వు లేదు.

"ఆయనేడమ్మాయ్?"

"ఎవరపా?"

"ఆయనే."

"ఏ ఆయన?"

"నాకెంతమంది ఆయనలున్నారే? మీ మామ!"

తిలెక్, నేనూ మొహమొహాలు చూసుకున్నాం. పళ్ళు పీకేటప్పుడిచ్చిన మత్తు ఇంకా దిగలేదేమోనని నాకు భయం వేసింది.

"అపా, నాన్న పోయారు కదా," అన్నాడు తిలెక్ మెల్లగా.

"పోయారని నాకు తెలీదురా? నువ్వు చెప్పాలా? ఇందులో ఉండాలిగా ఆయన. చివర్న పెట్టాను. ప్రతిదాని చివర్నా పెట్టాను. ఏం చేశార్రా మీరిద్దరూ?"

ల్యాప్‌టాప్ నా వైపు లాక్కుని, బూడిదరంగు ప్రోగ్రాంలో అసలు రికార్డింగ్ తెరిచాను. రాగం అయిపోయాక గీత సన్నబడి, ఆ తర్వాత బుల్లి బుడిపెలు రెండు. ఇదివరకు చూసినప్పుడు అపా ఆయాసం తీర్చుకుంటోందేమో అనుకున్నాను. అక్కడ మాత్రం శబ్దం బాగా పెంచి వినిపించాను. రేకు మెల్లగా మోగింది. మొదట నోరు కాస్త తెరిచినట్టు, తర్వాత పెదాలు సాగదీసినట్టు. తె... మిర్. మాట స్పష్టంగా వినిపించింది. ఇంత సన్నటి దాన్ని చప్పుడనుకుని ఆ బటన్ మింగేసింది.

అపా మొహం ఎర్రబడింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, కొత్త పెళ్ళికూతురిలా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొత్తల్లో ఆయన గుర్రాలతో కొండ మీద ఉండేవాడు. అన్నం చల్లారిపోతోంటే ఎట్లా పిలవను? తోడికోడళ్ళు ఏయ్, ఓయ్, ఇదిగో అని గొంతు చించుకునేవాళ్ళు. కొండ మీదేమో మగాళ్ళంతా ఇదిగోలేనాయె, ఒక్కణ్ణి పిలిస్తే నలుగురొచ్చేవాళ్ళు. నేను గుడారం గుమ్మంలో నిలబడి ఇది వాయించేదాన్ని. చివర్న ఆయన పేరు పెట్టేదాన్ని. నోటితో అంటే తప్పుగానీ, ఇది నోరు కాదుగా."

"వచ్చేవారా?"

"పరిగెత్తుకుంటూ వచ్చేవాడు."

"మరి ఇప్పుడెందుకు పెట్టావపా?" అన్నాడు తిలెక్.

"వస్తాడని కాదులేరా. అది లేకపోతే రాగం కుదరదు. ఉప్పెయ్యని పులుసులా ఉంటుంది."

అపా మీద ప్రేమా, ఆ బటన్ మీద కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. తిలెక్ మీద కూడా కోపమొచ్చింది గానీ, వాడు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు. తిడితే బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున టీ తాగేవేళకు వాడు మామూలు మనిషయ్యాడు. చివర్లు మనం చేత్తో అతికించుకుందాం, మిగతాదంతా బటన్‌కే వదిలేద్దాం అని బేరం మొదలుపెట్టాడు. ఆ ప్రోగ్రాం ఇంకా ఏమేం మింగిందో ఎవరికి తెలుసు, నేను ఒప్పుకోలేదు. బూడిదరంగు ముసలి ప్రోగ్రాంకు ఒక మంచి గుణం ఉంది, చెప్పనిదే ఏ పనీ చెయ్యదు. మా ఇంట్లో అలాంటి ప్రాణి ఇంకోటి లేదు. ఖాయం చేసుకున్నది దాన్నే.

రోజూ బడి నుంచి రాగానే అపాను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టేదాన్ని. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆవిడదే తీర్పు.

"ఇది కెటిల్ బుస అపా. తీసెయ్యనా?"

"ఉంచు. నా కెటిలేగా."

"ఆవు అరుపో?"

"దూడకోసం అరిచిందది. పాపం, ఉంచు."

"జూరా తిట్లో?"

"తీసెయ్ తీసెయ్. తన గొంతు కూడా ఎక్కిందని తెలిస్తే ఊరంతా టముకేసుకుంటుంది."

గొణుగుతున్న రాగాన్ని కాస్త పెంచాను, అరుస్తున్నదాన్ని తగ్గించాను. చివరి బుడిపెల దగ్గర మాత్రం ఎంత పెంచాలో తెలియలేదు. పెంచితే దాగి ఉన్నది బజారున పడుతుంది, పెంచకపోతే ఎవరికీ వినపడదు. అపానే అడిగాను.

"కొండ మీదికి వినపడేంత పెట్టు," అంది.

శనివారం ఇల్లు కిటకిటలాడిపోయింది. నేలమీద పరిచిన బట్ట నిండా నూనెలో వేయించిన బోర్సోకు ముక్కలూ, ఎండు ఆప్రికాట్లూ, మాంసం పళ్ళేలూ. నేను టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర కూర్చుని గిన్నెల్లోకి టీ వంచుతున్నాను. పెద్ద పీటన మామగారి తమ్ముడు జుమాదిల్. (రాతలోనే లెండి, నోటితో చిన్నాయన అంటాను.) తిలెక్ స్పీకరు తగిలించాడు. తన బటన్ ఓడిపోయిందన్న ఉక్రోషం వాడిలో ఏ కోశానా లేదు. వచ్చిన ప్రతివాడికీ ఇదంతా చేత్తో చేసిన పని అని తనే చేసినట్టు చెప్పుకుంటున్నాడు.

మొదటి రాగం మోగింది. మాటలు ఆగాయి. నమలడాలు కూడా ఆగాయి. రేకు జుమ్మంటోంది, వెనకాల కెటిల్ సన్నగా పాడుతోంది, ఎక్కడో ఆవు. ఎవరూ ఆవునేమీ అనలేదు. రాగం సన్నబడి, సన్నబడి, చివర్న ఆ రెండు చిన్న ముక్కలు వచ్చాయి.

చిన్నాయన చేతిలో టీ గిన్నె నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

తిలెక్ ఆ చివరి ముక్క మళ్ళీ పెట్టాడు. చిన్నాయన గిన్నె దించి తొడమీద చరుచుకున్నాడు.

"ఓరి దేవుడా! కొండ మీద అన్నయ్య పక్కన ఉండేవాణ్ణి. ఇది వినపడగానే చెప్పాపెట్టకుండా గుర్రమెక్కి పోయేవాడు. ఏంటన్నయ్యా అంటే, ఆకలేస్తోందిరా అనేవాడు. ఆకలనే నమ్మానే, ఇన్నేళ్ళూ! వదినా! పేరు పెట్టి పిలిచావన్నమాట మా అన్నయ్యని!"

గదంతా ఓహో అంది. ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. చిన్నాయనకు ఇంకా హుషారెక్కింది.

"మా అమ్మ ఈ ఊళ్ళో కోడళ్ళందరికీ నిన్ను చూపించి చెప్పేదిగా, మొగుడి పేరెత్తని ఇల్లాలంటే మా సోనున్‌బూబూ అని! పాపం ఆవిడ! ఊరంతా వినేలా పిలిచేదానివిగా!"

"అబద్ధం!" అంది అపా. కోపానికి తలగుడ్డ పక్కకు జరిగింది. "నా నోటమ్మట ఆ పేరెప్పుడన్నా వచ్చిందా? విన్న వాళ్ళెవరన్నా ఉంటే చెప్పండి! నేనెప్పుడూ అన్లేదు. అన్నది తెమిర్!"

తను కాదు, ఆ ఇనుము అన్నదని చెప్పబోయి, ఆ పేరే అనేసింది. సమోవార్ కుళాయి తిప్పిన చెయ్యి అలాగే ఉండిపోయి, నేను నింపుతున్న టీ గిన్నె పొంగి పొర్లింది. అపా చెయ్యి గబుక్కున నోటి మీదికి వెళ్ళింది. ముందుగా పక్కున నవ్వింది ఎవరో నాకు తెలియదు. ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయింది. చిన్నాయన కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా పక్కనున్న దిండును కొడుతున్నాడు. తిలెక్ నేలమీద దొర్లాడు. నేను కూడా పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వులు సద్దుమణిగేదాకా అపా ఆ చెయ్యి తియ్యలేదు. తర్వాత మెల్లగా దించింది. ఎవరి వైపూ చూడలేదు. పళ్ళు లేని నోటితో, ఈసారి కావాలనే, ఒక్కో ముక్కా రుచి చూస్తున్నట్టు అంది.

"తె... మిర్."

జారిన తలగుడ్డ సర్దుకుంది.

"పేరు బాగానే ఉందే," అంది.