రెండు చేతులూ వదిలినప్పుడు

నేను ఒక స్టీరింగు చక్రాన్ని. నాకిప్పుడు కారు లేదు. రాజమండ్రి శివార్లలో, పాత బళ్ళు విప్పి అమ్మే ఒక రేకుల షెడ్డులో, నాలాంటి వాటి మధ్య మేకుకు వేలాడుతున్నాను. తిప్పితే తిరుగుతాను. కానీ నేను తిరిగినందువల్ల ఎక్కడా ఏదీ మలుపు తీసుకోదు.

నన్ను ఇనప కమ్మీ వంచి చేశారు. కమ్మీ చుట్టూ నల్లటి నురుగు పోసి అచ్చు తీశారు. అచ్చులోంచి బయటపడ్డ రోజున నాకు కుడీ లేదు, ఎడమా లేదు. గుండ్రంగా ఉన్నదానికి అవి ఉండవు. మనుషుల చేతులు పడ్డాకే నాకు రెండు పక్కలు ఏర్పడ్డాయి.

మనుషుల ముఖాలు నాకు పెద్దగా తెలియవు. నాకు తెలిసినవి అరచేతులు. నా మొదటి యజమాని ఒక పొగాకు వ్యాపారి. ఎడమ చెయ్యి ఒక్కటే నా మీద ఉంచి, కుడి చెయ్యి కిటికీ బయట వేలాడేసి నడిపేవాడు. నేనున్నానన్న సంగతే ఆయనకు గుర్తుండేది కాదు. అది ఆరోగ్యమని నాకు ఆ తరువాత అర్థమైంది. ఒంట్లో బాగున్న మనిషికి తన చెయ్యి గుర్తుకు రాదు.

ఆయన కొత్త బండి కొనుక్కుని మమ్మల్ని అమ్మేశాక జగ్గంపేటలో పశువుల డాక్టరు గంగరాజు గారి చేతికి వచ్చాం. ఆయన అరచేతులు వెడల్పు, వేళ్ళు పొట్టి, గోళ్ళ దగ్గర ఎప్పుడూ డెట్టాలు వాసన. రంపచోడవరం వైపు కొండ కింద ఊళ్ళన్నీ తిరిగేవారు. ఈనలేక బాధపడే గేదె దగ్గరికి వెళ్ళేటప్పుడు వేళ్ళు నా మీద వేగంగా కదిలేవి. దూడ బతికిన రోజు తిరిగొస్తూ నన్ను చాలా వదులుగా పట్టుకునేవారు. నోరులేని జీవాల జబ్బు కనిపెట్టడంలో ఆయనకు మంచి పేరుంది.

ఆ వేసవిలో బండి ఎడమకు లాగడం మొదలైంది.

మొదట్లో కొంచెమే. తిన్నటి రోడ్డు మీద పోతూ పోతూ మెల్లగా మట్టి అంచు వైపు జరిగేది. ఆయన నన్ను కుడికి సర్దేవారు. మళ్ళీ జరిగేది. పొద్దున్న ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు ఏమీ ఉండేది కాదు. ఊళ్ళలో ఆగుతూ, బ్రేకులు వేస్తూ తిరిగి, ఎండ ముదిరేసరికి లాగడం పెరిగేది.

ఎవరైనా ముందు బండిని అనుమానిస్తారు. గంగరాజు గారు తన ఎడమ చేతిని అనుమానించారు.

ఎందుకో ఆ రోజుల్లో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన ఎడమ అరచెయ్యి చల్లబడిందని. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆ చేతి వేళ్ళు ఒక్కొక్కటే నా మీద నొక్కి చూసుకునేవారు, బలం ఉందా లేదా అని. ఉంది. ఉన్నా నమ్మకం కుదిరేది కాదు. ఎడమ చెయ్యి బరువుకే నేను అటు వాలుతున్నాననుకుని, కుడి చేత్తో నన్ను గట్టిగా పట్టి ఇటు లాగేవారు. పొద్దున్న బాగుండి మధ్యాహ్నానికి పెరగడం కూడా ఆయనకు సాక్ష్యంగానే కనిపించింది. చెయ్యి అలిసిపోతోందని.

తిన్నటి రోడ్డు మీద ఒక్క క్షణం రెండు చేతులూ వదిలి చూస్తే తేలిపోయేది. ఆ ఒక్క పనే ఆయన చేయలేదు. ఏ మెకానిక్కు దగ్గరికీ వెళ్ళలేదు. బండిలో ఏ లోపమూ లేదని మెకానిక్కు చెబితే ఇక మిగిలేది తనేనని భయం. తెలియనంత కాలం ఆశ ఉంటుంది. మనుషులు తెలివైనవాళ్ళే కానీ, తెలివిని ఒక్కోసారి తెలియకుండా ఉండడానికి వాడుకుంటారు.

ఒక మధ్యాహ్నం గోకవరం దాటాక ముందు ఒక ముసలాయన సైకిలు మీద గడ్డిమోపు కట్టుకుని పోతున్నాడు. పక్కనుంచి దాటబోతుండగా బండి ఎడమకు జరిగింది. అద్దం అంచు మోపును రాసుకుంది. ముసలాయన గడ్డితో సహా గోతిలో పడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు. లేచి, దులుపుకుని, "సూస్కోవాలి కదా బాబూ" అని మాత్రం అన్నాడు. గంగరాజు గారు దిగి గడ్డంతా ఏరి మోపు కట్టిచ్చారు. తిరిగి వచ్చి నన్ను పట్టుకున్న రెండు చేతులూ వణుకుతున్నాయి. ఆ వణుకును కూడా ఆయన జబ్బు లెక్కలోనే వేసుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఊళ్ళోని నూకరాజు షెడ్డు ముందు ఆపారు. బాగుచేయమని కాదు, బండి అమ్మిపెట్టమని. ఊళ్ళు తిరగడం మానేస్తున్నానని, ఎవరైనా కొనేవాళ్ళుంటే చూడమని అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఇంజను ఆపేశాక కూడా ఆయన చేతులు నన్ను వదల్లేదు.

నూకరాజు మాటకారి మెకానిక్కు. ఆ ఊళ్ళో తనంత పనివాడు లేడని ముందు తనే చెప్పుకునే మనిషి. "కొనేవోడికి బండి ఎలాగుందో సెప్పాలి కదండీ. ఓ సుట్టు తిప్పొద్దాం. మీరు అటు కూకోండి" అని నా ముందు కూర్చున్నాడు. అతని చేతులు జిడ్డుగా, నిర్లక్ష్యంగా ఉన్నాయి. నాకు పొగాకు వ్యాపారి గుర్తొచ్చాడు.

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది.

"ఏటండీ, ఎడం పక్కకి లాగేత్తంది?"

గంగరాజు గారు అతని వైపు తిరిగారు. "నీకూ లాగుతోందా?"

"నాకూ ఏటండీ? బండికి నేనెవరో మీరెవరో తెలుత్తాదా?"

అని నూకరాజు నా మీంచి రెండు చేతులూ తీసేసి గాల్లో పెట్టాడు.

నేను తిరిగాను. ఎవరి చెయ్యీ లేకుండా, మెల్లగా, ఎడమకు. ఇన్నాళ్ళుగా నేను చెప్పాలనుకున్నది అదే. గంగరాజు గారు నా వైపే చూస్తున్నారు. బండి మట్టి అంచు మీదికి దిగేదాకా కళ్ళు తిప్పలేదు. ఆ తరువాత కిటికీ వైపు తిరిగి, కళ్ళజోడు తీసి, చాలాసేపు చొక్కాతో తుడుచుకున్నారు.

నూకరాజు తొందరపడి, తప్పు ముందు టైర్లదన్నాడు. గాలి చూశాడు, సమంగా ఉంది. ఆ తొందరలో లోపలికి చూడకుండానే ముందు చక్రాలు రెండూ అటుదిటు మార్చాడు. టైరుదే తప్పయితే ఇప్పుడు కుడికి లాగాలి. ఎడమకే లాగింది. రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది, దానివల్లేమోనని బండిని నడిరోడ్డు దాటించి అవతలి వాలు మీద పోనిచ్చాడు. అక్కడా ఎడమకే. అప్పుడు బుర్ర గోక్కుని, పొద్దున్న తీసినప్పుడు కూడా లాగుతుందా అని అడిగాడు. లేదు, తిరిగిన కొద్దీ పెరుగుతుందని గంగరాజు గారు చెప్పారు. ఆ సంగతి పైకి ఒకరితో అనడం అదే మొదలు.

నూకరాజు దిగి ముందు ఎడమ చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు. "పెనం లాగుందండీ. గేదె దూడకి జొరం సూత్తారు గానీ, దీన్ని ఒక్కసారి ముట్టుకోలేకపోయారా?" అన్నాడు. గంగరాజు గారు నవ్వారు. ఆ వేసవి అంతటికీ నేను విన్న మొదటి నవ్వు.

షెడ్డుకు తెచ్చి జాకీ మీద ఎత్తి చక్రం విప్పాడు. దాని వెనకాల, బ్రేకు ఆయిలు వెళ్ళే రబ్బరు పైపును, దాని పక్కనున్న ఇనప కడ్డీని కలిపి ఎవరో నల్లతాడు చుట్టారు. చుట్టు మీద చుట్టు, బిగించి, మూడు ముళ్ళు. మధ్యలో రాగి తాయెత్తు. నన్ను తిప్పిన ప్రతిసారీ ఆ తాడు ఇంకాస్త బిగిసి పైపును మడతపెట్టింది. బ్రేకు తొక్కితే ఆయిలు లోపలికి పోతోంది, వదిలితే వెనక్కి రావడం లేదు. ఆ ఒక్క చక్రానికి బ్రేకు పట్టే ఉంటోంది. బండి అటు లాగకేం చేస్తుంది?

"రచ్చ తాడు కట్టడవంటే బంపరుకి కడతారు గానీ ఇక్కడెవరు కడతారండీ" అని నూకరాజు తాడు కోశాడు. గంగరాజు గారు ఆ తాయెత్తును అరచేతిలో పెట్టుకుని చూశారు. తుని దగ్గర తలుపులమ్మ లోవ గుడికి కొత్త బళ్ళు తీసుకెళ్ళి పూజ చేయించి, తాడు కట్టించుకు రావడం ఆ చుట్టుపక్కల మామూలే. ఆయనకు అలాంటి వాటి మీద నమ్మకం లేదు. బండి కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టనివ్వలేదు. ముడి ఎవరిదో ఆయన పోల్చుకున్నారు.

పైపు మార్చారు. బండి తిన్నగా పోతోంది. కానీ ఇంటికి వెళ్ళే దారంతా మేము కుడికి పోయాం. లేని లాగుడును ఆయన కుడి చెయ్యి ఇంకా ఆపుతూనే ఉంది.

ఆదివారం భార్య సీతారత్నం గారిని పక్కన కూర్చోబెట్టుకుని సామర్లకోట బయలుదేరారు. కొంత దూరం పోయాక ఆవిడ, "కుడికి పోతున్నారేంటండీ?" అన్నారు. ఆయన బండి ఒక పక్కకు ఆపి, జేబులోంచి తాయెత్తు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఏం జరిగిందో చెప్పారు. గోతిలో పడ్డ ముసలాయన సంగతి కూడా చెప్పారు.

ఆవిడ తాడు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నారు.

"మావయ్య గారికి అలా అయిన వయసు మీకూ వచ్చిందని కట్టేనండీ. మీ కంట పడితే తెంపేస్తారని లోపలెక్కడో చేతికందిన దానికి కట్టేను."

వాళ్ళ మాటల్లో అప్పుడు తెలిసింది నాకు. ఆయన తండ్రి ఒక ఉదయం గడ్డం గీసుకుంటుండగా, అద్దం పట్టుకున్న ఎడమ చెయ్యి అద్దాన్ని వదిలేసింది. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే భయాన్ని చెరొక చోట దాచుకున్నారు. ఒకరు దాచిన చోటు రెండోవారి భయాన్ని పెంచింది.

"తెంపేసేవాణ్ణే" అన్నారాయన. "నాకూ ఆ భయమే. అందుకే నా చెయ్యే అనుకున్నాను" అన్నారు. ఆ తరువాత, "నువ్వు బండి నేర్చుకో" అన్నారు.

"ఈ వయసులో నేనా? జనం నవ్వుతారండీ."

"నవ్వితే హారను కొట్టు."

ఆవిడ నేర్చుకున్నారు. చెమట పట్టే చిన్న చేతులు. మొదట్లో ఊడిపోతానేమో అన్నట్టు పట్టుకున్నారు, వర్షాలు తగ్గేసరికి వదులయ్యారు. ఆయన కుడి చెయ్యి కూడా ఎప్పుడో ఆ లాగుడు మరిచిపోయింది. తాడు మాత్రం నా కింది కాడకు కట్టారు, ఇద్దరికీ కనబడేలా. ఆయన వద్దనలేదు.

కొన్నేళ్ళు గడిచాక ఆయన ఎడమ చెయ్యి నా మీదికి రావడం మానేసింది. అది బండిలో జరగలేదు, ఇంట్లో, భోజనం దగ్గర జరిగింది. అప్పటినుంచి ఆవిడే నడిపేవారు. పక్క సీట్లో ఆయన, ఒళ్ళో ఆ చెయ్యి. ఊళ్ళకు వెళ్ళేవారు. రైతులకు ఏం చేయాలో ఆయన చెబుతుంటే వాళ్ళు చేసేవారు. ఖాళీ రోడ్డు వచ్చినప్పుడల్లా ఆయన అడిగేవారు.

"ఎడమకేమైనా లాగుతోందా?"

"లేదండీ. తిన్నగానే పోతుంది."

నిన్న ఎవరో ఒకతను ఈ షెడ్డుకు వచ్చి నన్ను మేకు మీంచి తీశాడు. చుట్టూ బొటనవేలు తిప్పి, "కుడిపక్క బాగా అరిగిపోయిందిది" అని మళ్ళీ తగిలించేశాడు. నిజమే. ఒక వేసవంతా ఒక మనిషి లేని జబ్బును ఆపడానికి నన్ను అక్కడ పట్టుకున్నాడు. జబ్బు వచ్చాక మాత్రం నన్నెవరూ అంత గట్టిగా పట్టుకోలేదు.